దొరగారి బంగళాకి అడ్డొచ్చిన చుట్టిల్లు

మొన్న ఓవర్సీరు పరీక్ష ప్యాసైన ఇద్దరు పెద్దమనుషులు నన్ను చూడ్డానికి వచ్చారు. ఇద్దరికీ ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు గాని, చంకలో పుస్తకాలు మాత్రం నా కాలంలో హెడ్డాఫీసు మొత్తానికి ఉన్నన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి తెరిచి, గోడ మీద చదరపు అడుగుకి గాలి ఎన్ని పౌనుల బరువు మోపుతుందో పట్టిక చూపించి, "మీ రోజుల్లో దీనికి ఏం లెక్క వేసేవారండీ?" అని అడిగారు.

"మా రోజుల్లో లెక్క వేసేవాళ్ళం కాదు నాయనా, దొరగారి చేత సంతకం వేయించేవాళ్ళం. సంతకం పడ్డాక గాలి వీచకూడదు. అదీ రూలు" అన్నాను.

నవ్వారు. ముసలాడు వేళాకోళం ఆడుతున్నాడనుకున్నారు. వేళాకోళం కాదర్రా. ఆ సంతకం కింద నేను చేసిన పని ఒకటుంది. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో కట్టించిన కట్టడాలన్నీ ఒక ఎత్తు, పీకించిన ఆ ఒక్క ఇల్లూ ఒక ఎత్తు. మీరు అడిగారు కాబట్టి చెబుతాను. విన్నాక నా ముందు పుస్తకం తెరవకండి, అంతే.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. రాజమహేంద్రవరం నుంచి పడవెక్కితే, ఎక్కడా గాలి మొండికేయకుండా ఉంటే, రెండో రోజు మధ్యాహ్నానికి మా లాకు చేరేవాళ్ళం. కాలువకి అదే చివరి లాకు. దాని తరవాత ఉప్పునేలలు, తాటితోపులు, సముద్రం. ఆ చివర నన్ను ఓవర్సీరుగా వేశారు. శిక్షగా వేశారని హెడ్ గుమాస్తాగారు, ప్రమోషనుగా వేశారని మా మామగారు అనుకునేవారు. దోమలకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

లాకు తలుపులు ఎత్తి దించడానికి ఒక లస్కరు ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా "చిత్తమండి" అనేవాడు. వాడి తల్లి అందుకు సరిగ్గా వ్యతిరేకం. కొడుకు వంతు మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. కొడుకు, కోడలు, ఇద్దరు పసిపిల్లలు, ఒక మేక, ఈ ముసలమ్మ, అందరూ కాలువ గట్టు మీద ఒక చుట్టింట్లో ఉండేవారు. చుట్టిల్లంటే మీరు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగు బోర్లించినట్టు తాటాకు కప్పు, చూరు మోకాలి ఎత్తుకి దిగి ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే మహారాజైనా నడుం వంచాల్సిందే. ఆ ఇల్లు ముసలమ్మే దగ్గరుండి కట్టించుకుంది. సముద్రం వైపు ఒక తలుపు, పడమటికి ఒక చిన్న తలుపు.

ఆ గట్టు మీదే, చుట్టింటికి వెనకగా, బంగళా ఒకటి కట్టాలని ఉత్తర్వు వచ్చింది. కాలువలు తనిఖీ చేయడానికి వచ్చే దొరలు దిగడానికట. మా ఇంజనీరు దొరగారు అప్పుడే పై సీమల నుంచి బదిలీ మీద వచ్చారు. వస్తూ వస్తూ అక్కడ కట్టించిన బంగళా ప్లాను ఒకటి పెట్టెలో పెట్టుకుని వచ్చారు. దాని ముఖం మీద, కప్పుకి పైన ఆరడుగుల ఎత్తున వట్టి గోడ. వెనక ఏమీ లేదు, ముందు నుంచి చూస్తే కోటలా కనబడడానికి అది. ఆ గోడ కింద విశాలమైన వరండా, సన్నటి స్తంభాలు, వాటి మీద ఇనుప రేకులు. నీళ్ళు లేక ఎండిపోయిన ఆ సీమలో అది నిక్షేపంగా నిలబడి ఉందట. ఇక్కడ మాత్రం ఎందుకు నిలబడదు? ప్లాను అదే, సంతకం అదే.

దాని నకలు దించింది నేనే. దించేటప్పుడు ఆ గోడ చూసి, వరండా మొహం తూర్పుకి తిప్పారని చూసి, గుండె కలుక్కుమంది. తూర్పంటే మాకు సముద్రం. అయినా నకలు మాత్రం శుభ్రంగా దించాను. చేతిరాత బాగుందని దొరగారు మెచ్చుకున్నారు.

పుష్యమాసానికి గోడలు లేచి, వరండా రేకులు పడ్డాయి. కోతలు అయిపోయాయి. ముసలమ్మ ఊళ్ళో చేలల్లో పరిగె ఏరుకుని, ఆ కాసిని గింజలూ ఏటా చేసినట్టే తన ఇంటికీ బంగళాకీ మధ్య జాగాలో తూర్పారబట్టడానికి చేట పట్టుకుని నిలబడింది. తూర్పు గాలి చక్కగా వీస్తోంది. గింజలు కాళ్ళ దగ్గర రాలాయి. పొల్లు మాత్రం ముందుకు పోయి, బంగళా గోడకి కొట్టుకుని, వెనక్కి తిరిగొచ్చి ఆవిడ మొహాన పడింది. ఇంకొంచెం వరండాలో దూరి, గిర్రున సుడి తిరిగి, పైకి లేచి రేకులకి అతుక్కుంది. నేను అక్కడే మేస్త్రీతో మాట్లాడుతున్నాను.

"ఓసీరు బాబుగారండీ, ఇలా రండి" అని పిలిచింది. "చూడండి ఈ కొంప నిర్వాకం. గాలిని పోనివ్వటం లేదండి. పోనివ్వకపోతే అదేం చేస్తది? తిరుగుతది, పైకి లెగుస్తది. ఆ రేకులు ఎగరేసుకుపోతదండి."

"గోడ రెండు ఇటుకల మందం ముసలమ్మా. గాలికి తోసుకుపోయేది కాదు" అన్నాను.

"తోసేది ఎంతండి బాబూ? పీకేదే ఎక్కువ. నా ఇంటి కాడ చూడండి మరి."

మరో చేటెడు తీసుకుని, గాలికి ఎదురుగా తన చుట్టింటి ముందుకు వెళ్ళి వదిలింది. పొల్లు ఇంటికి రెండు పక్కలా పాయలుగా చీలి, గోడని రాసుకుంటూ పోయి, అవతల బుద్ధిగా నేల మీద పడింది. ఒక్క రవ్వ పైకి లేవలేదు. పరీక్షలో మూడు కాగితాలు రాసి ప్యాసైన నాకు, చేటతో చెప్పింది ఆవిడ.

సరే, తెలిసింది. తెలిసినవాడు ఏం చెయ్యాలి? దొరగారు తనిఖీకి వచ్చినప్పుడు చేతులు నలుపుకుంటూ, కప్పు దూలాలని ఇనుప పట్టీలతో గోడలోకి బిగిద్దామా, ముందు గోడ ఎత్తు కాస్త తగ్గిద్దామా అని అడిగాను. దొరగారు తెలుగు పరీక్ష ప్యాసైన మనిషి. మాట్లాడితే అచ్చు పుస్తకం చదివినట్టుండేది.

"ఏల?" అన్నారు.

"గాలి కప్పుని పైకి లేపుతుందేమోనండీ..."

"గాలి ప్రక్క నుండి వచ్చును గదా. పైకి ఎట్లు లేపును? నీ గాలి భూమిలో నుండి మొలచుచున్నదా?"

హెడ్ గుమాస్తాగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. పడవవాళ్ళకి ఏం అర్థమైందో ఏమో, వాళ్ళూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ముసలమ్మ మాట గాని, పొల్లు సంగతి గాని నా నోటెంట రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండుతుంది.

నవ్వులయ్యాక దొరగారు కాలువలో పడవ మీద నిలబడి బంగళాని చూసుకున్నారు. ఆ కోట గోడ సగం కనబడటం లేదు. అడ్డంగా చుట్టిల్లు. "ఆ గుడిసె నా బంగళాకు అడ్డముగా నున్నది. గృహప్రవేశమునకు పెద్ద దొరగారు వచ్చెదరు. అంతకు ముందే దానిని తొలగించవలెను" అన్నారు. లస్కరుకి బంగళా వెనక రేకుల వసారా ఒకటి ఇస్తారట. కాదంటే లస్కరు పని ఇంకొకడికి పోతుంది.

ముసలమ్మకి ఈ మాట చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆవిడ అరిచి గోల పెడుతుందనుకున్నాను. అరవలేదు. "కార్తీకం వెళ్ళనివ్వండి బాబూ. గాలివానల రోజులు దాటాక నేనే పీకేసుకుంటాను. పసివాళ్ళని ఆ రేకుల కింద పెట్టలేనండి" అంది. ఎప్పుడూ నోరెత్తని లస్కరు కూడా, "అంతవరకేనండి" అన్నాడు.

గృహప్రవేశం కార్తీకంలోనే. నాకేమో దొరగారినీ ముసలమ్మనీ ఇద్దరినీ మంచి చేసుకోవాలని ఉంది. అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. "మీరు ఉండండి, నేను చూసుకుంటాను" అని వాళ్ళతో చెప్పి, ఆఫీసుకి రాసే రిపోర్టులో "గుడిసె తొలగించడమైనది" అని ఒక వాక్యం రాసి పంపాను. పెద్ద దొర వచ్చే ముందు రోజు ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను. నా దయాగుణానికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను కూడా.

కార్తీకం వచ్చింది. గృహప్రవేశానికి ఇంకా వారం ఉందనగా, ఏర్పాట్లు చూసుకోవడానికి ఇంజనీరు దొరగారు, హెడ్ గుమాస్తాగారు, వంటవాడు పడవలో పొద్దున్నే దిగారు. సన్నటి జల్లు పడుతోంది. ఈశాన్యం నుంచి గాలి. దొరగారు పడవ దిగుతూనే చుట్టిల్లు చూశారు. చూసి నన్ను చూశారు.

"తొలగించితినని వ్రాసితివే!"

నేను వంగి దొరగారి పెట్టె అందుకోబోయాను. "రేపు ఉదయము దీనిని నా యెదుట పడగొట్టింపవలెను. నీ సంగతి పిమ్మట చూచెదను" అని బంగళాలోకి వెళ్ళిపోయారు.

అప్పటికే ముసలమ్మ పాత వలలు తీసి చుట్టింటి కప్పు మీద పరిచి, నాలుగు వైపులా మేకులు దిగగొట్టి తాళ్ళు బిగిస్తోంది. "ఓసీరుబాబూ, పడవవాళ్ళని పడవ లాగి కట్టేసుకోమనండి. ఇది జల్లు కాదండి" అంది. నాకు రేపటి నా సంగతే తప్ప ఇంకేమీ తలకెక్కడం లేదు.

రెండు జాముల పొద్దెక్కేసరికి గాలి పిచ్చెత్తినట్టయింది. తాటిచెట్లు నేలకి వంగుతున్నాయి. దొరగారు తలుపులూ కిటికీలూ అన్నీ బిగించమన్నారు. బిగించాం. తూర్పు తలుపు గడియ ఒక్క దెబ్బకి విరిగి, తలుపు లోపలికి వచ్చి పడింది. గాలి లోపలికి దూరింది. బయటికి పోవడానికి దారి లేదు. పైన రేకులు ఏనుగు ఘీంకరించినట్టు మోగాయి. ముందు వరండా లేచింది. నేను కళ్ళారా చూశాను, పక్కకి పోలేదు, పైకి లేచింది. స్తంభాలు, దూలాలు, రేకులు అన్నీ కలిసి మా తల మీద నుంచి పడమటికి పోయాయి. ఆ వెనకే కోట గోడ మొత్తం నిలువునా లోపలికి కూలింది. మేము వెనక గదిలో ఉండబట్టి బతికాం.

"ఎక్కడికి పోదుమిప్పుడు?" అని అరిచారు దొరగారు. ఆ పరిస్థితిలోనూ గ్రాంథికమే.

లస్కరు చేతులు ఊపుతూ చుట్టింటి చూరు కింద నుంచి పిలుస్తున్నాడు. నేల మీద పాకుతూ వెళ్ళాం. దొరగారు నడుం వంచలేదు, ఏకంగా నాలుగు కాళ్ళ మీద దూరారు. లోపల లస్కరు ఇంటిల్లిపాదీ, ఇద్దరు పడవవాళ్ళు, వంటవాడు, హెడ్ గుమాస్తాగారు, నేను, మేక. దొరగారు తిరగలి పక్కన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు.

పడమటి చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది. హెడ్ గుమాస్తాగారు, "అమ్మా తల్లీ, ఆ తలుపు వెయ్యమ్మా, గాలి వచ్చేస్తుందమ్మా" అన్నారు.

"రాదండి, పోతది. దూరింది బయటికి పోవాలి కదండీ. మూసేసి కూర్చుంటే తమరి బంగళా అవుద్ది" అంది ముసలమ్మ.

గాలి ఆ ఇంటి చుట్టూ బుసకొడుతూ తిరిగింది. కప్పు కిర్రుమంది, అక్కడక్కడా నాలుగు ఆకులు ఊడాయి. అంతే. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోయింది. చెవులు గింగురుమన్నాయి. దొరగారు ఊపిరి పీల్చుకుని లేవబోయారు.

"కూకోండి దొరా" అంది ముసలమ్మ. దొరతో అలా మాట్లాడిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. "అయిపోలేదు. అటు తిరిగొస్తది."

కోడలు లేచి పడమటి తలుపు మూసి గడియ పెట్టింది. లస్కరు తూర్పు తలుపు తీశాడు. ఎవరూ చెప్పకుండానే చేశారు, రోజూ చేసే పనిలా. కాసేపటికి నైరుతి నుంచి గాలి మొదటిదానికంటే ఘోరంగా వచ్చింది. బంగళాలో మిగిలిన గోడలు అప్పుడు పోయాయి. పొద్దు వాలేలోగా గాలి తగ్గింది. బయటికొచ్చి చూస్తే గట్టు మీద నిలబడి ఉన్నది ఆ చుట్టిల్లు ఒక్కటే.

దొరగారు టోపీ తీశారు. టోపీ ఎక్కడో పోయింది, అయినా తల మీద చెయ్యి పెట్టి తీసినట్టు చేశారు. "అమ్మా, నీవు మమ్ము కాపాడితివి" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు. నేను కూడా ఏడ్చాను. ఇంక ఆ ఇంటికి వచ్చిన భయం లేదని, నా ఉద్యోగానికి కూడా లేదని అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణో చూడండి.

నాలుగు రోజులకి హెడ్ గుమాస్తాగారు ఒక్కరే దిగారు. బంగళా కూలిన సంగతి విచారించడానికి పై నుంచి ఒక అధికారి వస్తున్నారట. దొరగారు రిపోర్టు పంపేశారట. అందులో ఏముందో గుమాస్తాగారు చక్కగా చెప్పారు. ఆ గాలికి ఆ చుట్టుపక్కల ఏ కట్టడమూ, ఎవరిదీ, నిలబడలేదు. కాబట్టి ప్లానులో దోషం లేదట.

"మరి అది?" అని చుట్టిల్లు చూపించాను.

"ఏదండీ?" అన్నారు గుమాస్తాగారు. "తమరు అప్పుడే తీయించేశారు కదండీ. తమరి దస్తూరీతోనే ఉంది రిపోర్టు. అబద్ధం రాశారని దొరగారికి తెలుసు. అయినా ఆ తప్పు మరిచిపోయారండి, పెద్ద మనసు. తమరు ఆ ఇల్లు మరిచిపోతే సరి."

ఆ ఇల్లు నిలబడి ఉంటే ప్లాను తప్పని తేలుతుంది, నేను అబద్ధాలకోరునని తేలుతుంది. దొరగారికి బదిలీ అవుతుంది. నాకు ఉద్యోగం పోతుంది. ఇంట్లో నలుగురు ఆడపిల్లలు. ఇవన్నీ సాకులే. చెబుతున్నాను కాబట్టి అన్నీ చెప్పాలి.

మర్నాడు పొద్దున్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నలుగురు కూలీలు నా వెనక ఉన్నారు. వాళ్ళని చూసి ఆవిడకి అర్థమైపోయింది. "ఆళ్ళని చెయ్యి వెయ్యనివ్వకండి. కట్టుకున్నది నేనే, విప్పుకుంటాను" అంది. కొడుకు నిచ్చెన వేశాడు. ముడులన్నీ ఒక్కొక్కటే విప్పింది, ఎక్కడా తాడు కొయ్యలేదు. సాయంత్రానికి మట్టిగోడ కూడా పడిపోయింది. గుండ్రటి అరుగు మాత్రం మిగిలింది.

విచారణ అధికారి వచ్చారు. పెద్దాయన, మంచివాడే, అన్నీ తిరిగి చూశారు. ఆ అరుగు మీద నిలబడి, "ఇదేమిటి?" అని గుమాస్తాగారి ద్వారా అడిగించారు.

"గడ్డిమేటు వేసుకునే దిమ్మండీ" అన్నాను.

"ఈ గట్టు మీద ఆ రోజు నిలిచిన ఇల్లు ఏదైనా ఉందా?"

లస్కరు నా పక్కనే ఉన్నాడు. ముసలమ్మ రేకుల ముక్కలతో కట్టిన వసారాలో చిన్నపిల్లని ఒళ్ళో పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"లేదండి" అన్నాను. అధికారి రాసుకున్నారు. నిజమేనా అని లస్కరుని కూడా అడిగారు. "చిత్తమండి" అన్నాడు.

కొత్త బంగళాకి ఉత్తర్వు నెల తిరక్కుండా వచ్చింది. అదే ప్లాను. గాలి గట్టిదని తేలింది కాబట్టి ముందు గోడ ఇంకో ఇటుక మందం పెంచమన్నారు. నాకు ఒక మెట్టు పైకి ప్రమోషను. పనికి కొబ్బరికాయ కొట్టే రోజున వసారా దగ్గరికి వెళ్ళి, ఎవరూ వినకుండా, "అమ్మా, లాకుకి అవతల గట్టున మళ్ళీ కట్టుకోండి. నేను చూసీ చూడనట్టుంటాను" అన్నాను.

ఆవిడ పసిదాని తల నిమురుతూ నా మొహంలోకి చూసింది.

"తమరు చూసీ చూడనట్టున్నారు కాబట్టే కదండీ బాబూ, ఉన్నది పోయింది" అంది.

మేస్త్రీ అవతల నుంచి కేకేశాడు, ముగ్గు పొయ్యడానికి వేళవుతోందని. నేను కొలతల గొలుసు పట్టుకుని వెళ్ళి, వరండా మొహం తూర్పుకే పెట్టి, ముగ్గు పోయించాను.